మీ కుక్క రక్తం ఇవ్వగలదా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా బంటి లాబ్రడార్ కుక్క. ఏడేళ్ళవాడు, 32 కిలోలు. ఇప్పటికి తొమ్మిదిసార్లు రక్తం ఇచ్చాడు. వాడి ఫోటో ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టిన రోజు నుంచి నాకు ఫోన్లు. కొన్ని రక్తం కావాలని, ఎక్కువ మాత్రం "మావాడు కూడా ఇవ్వొచ్చా అండీ" అని. అడిగేవాళ్ళు మారుతున్నారు గానీ ప్రశ్నలు మారడం లేదు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నా. నేను డాక్టర్ని కాదు, కుక్కని పెంచుకునేవాణ్ణి. మీ కుక్క విషయంలో ఆఖరి మాట మీ వెటర్నరీ డాక్టరుదే.

కుక్కలు నిజంగా రక్తదానం చేస్తాయా?

చేస్తాయి. మాటకొస్తే మనుషులకంటే ముందే మొదలుపెట్టాయి. 1660ల్లో ఇంగ్లండులో రిచర్డ్ లోయర్ అనే వైద్యుడు ఒక కుక్క రక్తాన్ని ఇంకో కుక్కకి ఎక్కించి చూపించాడు. 1666 నవంబరులో లండన్‌లో జరిగిన అలాంటి ప్రయోగం గురించి విన్న శామ్యూల్ పెపీస్ అనే అప్పటి లండన్ ఉద్యోగి తన డైరీలో రాసుకున్నాడు: ఇచ్చిన కుక్క అక్కడికక్కడే చచ్చిపోయింది, పుచ్చుకున్న కుక్క బాగానే ఉంది అని.

ఆ రోజుల్లో ఇచ్చే కుక్క గురించి ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు ఈ పనికున్న రూల్సన్నీ దాదాపు ఆ ఇచ్చే కుక్క కోసమే. కింద నేను రాసినదాంట్లో కూడా సగానికి సగం దాని గురించే ఉంటుంది.

అసలు కుక్కకి రక్తం ఎక్కించాల్సిన అవసరం ఎప్పుడొస్తుంది?

యాక్సిడెంటు, పెద్ద ఆపరేషను, కడుపులో గడ్డ పగలడం లాంటివి ఎక్కడైనా ఉండేవే. మన ప్రాంతంలో మాత్రం అసలు విలన్ పిడుదు. కుక్కల మీద కనిపించే గోధుమరంగు పిడుదు ఎర్లీకియా, బబీసియా లాంటి జబ్బుల్ని మోసుకొస్తుంది. అందరూ కలిపి "టిక్ ఫీవర్" అంటారు. బబీసియా ఎర్రకణాల్లోకి దూరి వాటిని పగలగొడుతుంది. ఎర్లీకియా ప్లేట్‌లెట్లని పడగొడుతుంది, ముదిరితే ఎముక మజ్జనే దెబ్బతీస్తుంది. కుక్క రెండు రోజులు అన్నం ముట్టదు, మూడో రోజు లేవదు. పెదవి ఎత్తి చూస్తే గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్ళు సున్నం కొట్టినట్టు ఉంటాయి.

చిన్న కుక్కపిల్లలకైతే కొంకి పురుగులు. పేగులకి కరుచుకుని రక్తం తాగుతాయి. అరచేతిలో పట్టే కుక్కపిల్లని ఖాళీ చెయ్యడానికి వాటికి పెద్ద టైము పట్టదు.

ఇంకొకటి ఎలుకల మందు. ఇది మోసకారి. తిన్న రోజు ఏమీ కాదు. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె పనిని అది అడ్డుకుంటుంది కాబట్టి మూడు నాలుగు రోజుల తర్వాత ముక్కులోంచో, ఊపిరితిత్తుల్లోకో రక్తస్రావం మొదలవుతుంది. అప్పటికి ఇంట్లోవాళ్ళు ఎలుకల మందు సంగతే మర్చిపోయి ఉంటారు. మందు తిన్నదని తెలిసిన నిమిషమే ఆసుపత్రికి తీసుకెళ్తే చాలాసార్లు రక్తం దాకా రాదు.

మా కుక్క పనికొస్తుందా?

వయసు ఒకటి నుంచి ఎనిమిదేళ్ళ మధ్య ఉండాలి. బరువు 25 కిలోలు దాటితే మంచిది. టీకాలన్నీ, ముఖ్యంగా రేబిస్, పార్వో, డిస్టెంపర్ టీకాలు టైముకి వేసి ఉండాలి. నులిపురుగుల మందు, పిడుదుల మందు ఆపకుండా వాడుతుండాలి. ఏ జబ్బుకీ రోజూ మందులు వేసుకునే కుక్క అయ్యుండకూడదు. ఇంతకుముందు తను రక్తం ఎక్కించుకుని ఉండకూడదు.

ఆడకుక్క అయితే చూడితో ఉన్నప్పుడు, పాలిస్తున్నప్పుడు, ఎదలో ఉన్నప్పుడు వద్దు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన ఆడకుక్కలు హాయిగా ఇవ్వొచ్చు.

వీటన్నిటికంటే ముందు నేను అడిగేది ఇంకొకటి: కొత్తవాళ్ళు ముట్టుకుంటే మీవాడు ఏం చేస్తాడు? దీని సంగతి కింద విడిగా రాశాను.

మావాడు 34 కిలోలు. కాకపోతే కొంచెం లావు.

ఆ "కొంచెం" ఎంతో డాక్టర్ని అడగండి. ఉండాల్సింది 26 అయితే రక్తం లెక్క 26కే వేస్తారు. కొవ్వు పెరిగినంత మాత్రాన రక్తం ఆ లెక్కన పెరగదు.

మాది నాటు కుక్క. ల్యాబు, జర్మన్ షెపర్డ్ లాంటివే కావాలా?

జాతితో పని లేదు. బరువుతోనే చిక్కు. మన వీధి కుక్కలు చాలావరకు 15, 20 కిలోల మధ్య ఉంటాయి. పూర్తి సంచీ, అంటే 450 మిల్లీలీటర్లు, తీయడానికి అది చాలదు. 20 కిలోల గట్టి నాటు కుక్క అయితే 350 మిల్లీలీటర్ల చిన్న సంచీ వాడే వీలుంది. రక్తం తక్కువ తీస్తే సంచీలో గడ్డకట్టకుండా ఉండే మందు కూడా ఆ మేరకు తగ్గించాలి, కాబట్టి అలవాటున్న డాక్టరే చెయ్యాలి.

కొందరు ఇంకో మాట అంటారు: "వీధిలో బోలెడు కుక్కలున్నాయి కదా, ఒకదాన్ని పట్టుకొచ్చి తీస్తే పోలా?" పోదు. దాని టీకాలు తెలియవు, దానికేం జబ్బుందో తెలియదు. మన కుక్కని బతికించడానికి తెచ్చిన రక్తంతోనే బబీసియా ఎక్కించినట్టవుతుంది. పైగా తీశాక దాన్ని ఎక్కడ వదిలేస్తారు? మళ్ళీ రోడ్డు మీదేగా. ఆ రాత్రి దాన్ని చూసుకునేది ఎవరు?

మా ఇంట్లో పెరుగన్నమే పెడతాం. ఇవ్వొచ్చా?

ఇది నేను ఊహించని ప్రశ్న, కానీ చాలామంది అడిగారు. పెట్టే తిండి కాదు, రక్తపరీక్ష చెప్పేదే లెక్క. హిమోగ్లోబిన్, పీసీవీ చూస్తారు. పీసీవీ అంటే రక్తంలో ఎర్రకణాల వాటా ఎంతో చెప్పే అంకె. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి సుమారు 37 నుంచి 55 శాతం ఉంటుంది. దాతకి 40 అయినా ఉండాలంటారు. ఒట్టి పెరుగన్నం మీద పెరిగే కుక్కకి మాంసకృత్తులు చాలకపోవచ్చు. ఇచ్చిన రక్తాన్ని మళ్ళీ తయారు చేసుకోవడానికి కావాల్సినవి అవే. గుడ్డు అయినా పెట్టగలరేమో చూడండి. అది కూడా కుదరని ఇళ్ళలో డాక్టర్ని అడిగి మంచి కుక్కల ఫుడ్డు కలపండి.

ముందు ఏ పరీక్షలు చేస్తారు?

పూర్తి రక్తపరీక్ష, కిడ్నీ, లివర్ పరీక్షలు, గాజు పలక మీద రక్తపు చుక్క పూసి మైక్రోస్కోపులో చూడటం, పిడుదు జబ్బులకి కిట్ టెస్టు, వీలైతే పీసీఆర్ (రక్తంలో క్రిమి జన్యువుల్ని వెతికే పరీక్ష). కణాల్లో దాక్కున్న బబీసియా గాజు పలక మీద అన్నిసార్లూ దొరకదు, అందుకని పీసీఆర్ ఉంటే మేలు.

మొదటిసారి బంటిని తీసుకెళ్తే వెనక్కి పంపించేశారు. వాడు గంతులేస్తున్నాడు, దొరికిన చెప్పునల్లా కొరుకుతున్నాడు, అన్నం గిన్నె నాకి నాకి తళతళలాడిస్తున్నాడు. రిపోర్టులో మాత్రం ప్లేట్‌లెట్లు ఉండాల్సినదాంట్లో సగం కూడా లేవు. కిట్‌లో ఎర్లీకియా. ఈ జబ్బు ఒక్కోసారి నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఏ గుర్తూ చూపించకుండా లోపలే ఉండిపోతుందని నాకు అప్పుడే తెలిసింది. నెల రోజులు డాక్సీసైక్లిన్ వేశాం. ఆ తర్వాత ఎన్నో నెలలకి రెండుసార్లు పీసీఆర్ చేయించి, రెండుసార్లూ ఏమీ లేదని తేలాక గానీ డాక్టరుగారు సరే అనలేదు. చాలా చోట్ల ఒకసారి పిడుదు జబ్బు వచ్చిన కుక్కని అసలు దాతగానే తీసుకోరు. అది కూడా సరైన పద్ధతే. మాకు దొరికింది మినహాయింపు, మీకూ దొరుకుతుందని అనుకోవద్దు.

నా ఉద్దేశంలో దాతగా పేరు రాయించడంలో మీ కుక్కకి ఉన్న లాభం ఈ పరీక్షలే. మామూలుగా ఎవరూ చేయించరు.

కుక్కలకి కూడా ఏ, బీ, ఓ గ్రూపులుంటాయా?

ఆ పేర్లు ఉండవు. ఎర్రకణాల మీద ఉండే గుర్తుల్ని బట్టి వాటిని డీఈఏ అని నంబర్లతో పిలుస్తారు: డీఈఏ 1, 3, 4, 5, 7 ఇలా. డాల్ అని ఇంకొకటి ఉంది, ఒక డాల్మేషియన్ కుక్క వల్ల బయటపడింది కాబట్టి ఆ పేరు. రోజువారీ పనిలో ముఖ్యమైనది డీఈఏ 1 ఒక్కటే. అది ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. నెగెటివ్ కుక్క రక్తం ఎవరికైనా ఇవ్వొచ్చు, పాజిటివ్ రక్తం పాజిటివ్ కుక్కకే. ఐదు నిమిషాల్లో చూసే కార్డు టెస్టు ఉంది.

కుక్కలకి మనకన్నా ఒక వెసులుబాటు ఉంది. డీఈఏ 1కి వ్యతిరేకంగా వాటి ఒంట్లో పుట్టుకతో యాంటీబాడీలు ఉండవు. అందుకని మొదటిసారి గ్రూపు కలవకపోయినా అప్పటికప్పుడు పెద్ద ప్రమాదం జరగడం అరుదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు గ్రూపు చూడకుండానే ఎక్కించేస్తున్నారంటే ధైర్యం ఇదే. కానీ ఆ మొదటిసారే శరీరం నేర్చుకుంటుంది. కొన్ని రోజులు పోయాక మళ్ళీ కలవని రక్తం ఎక్కిస్తే ఎక్కించిన కణాలన్నిటినీ పగలగొట్టేస్తుంది, కుక్క ప్రాణానికే ముప్పు. కాబట్టి రెండోసారి ఎక్కించేటప్పుడు ఇద్దరి రక్తాన్నీ కలిపి చూసే క్రాస్ మ్యాచ్ తప్పనిసరి. మొదటిసారైనా వీలుంటే చేయించమనే అడగండి.

ఎంత తీస్తారు? నీరసపడిపోదా?

కుక్క ఒంట్లో కిలోకి సుమారు 80 నుంచి 90 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. అందులోంచి కిలోకి 16 నుంచి 18 మిల్లీలీటర్లు తీయొచ్చు. 25 కిలోల కుక్క దగ్గర 450 మిల్లీలీటర్లు, అంటే ఒక సంచీ. 25 కిలోల నియమం అక్కణ్ణుంచే వచ్చింది. మా బంటి ఒంట్లో ఉన్నది రెండు లీటర్ల ఏడు వందలనుకుంటే, ఇచ్చేది ఆరో వంతు.

పోయిన నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది. ఎర్రకణాలకి రెండు మూడు వారాలు పడుతుంది. కుక్కకి ప్లీహం ఒక బ్యాంకు లాంటిది. అందులో ఎర్రకణాలు నిల్వ ఉంటాయి, అవసరమైతే ప్లీహం ముడుచుకుని వాటిని బయటికి తోస్తుంది. ఆ రోజు సాయంత్రం బంటి రోజూకన్నా ఎక్కువ పడుకుంటాడు, అంతే. మర్నాడు పొద్దున పేపర్ వేసే అబ్బాయి మీద మామూలుగానే మొరుగుతాడు.

ఆ రోజు ఏం జరుగుతుంది?

మే నెల అయితే పొద్దున ఏడింటికే రమ్మంటారు, ఎండెక్కాక వద్దు. నీళ్ళు బాగా తాగించి తీసుకెళ్ళండి. టిఫిను పెట్టాలా వద్దా అనేది ముందురోజే అడగండి, మత్తు ఇచ్చేట్టయితే ఖాళీ కడుపుతో రమ్మంటారు.

ముందు బరువు, జ్వరం, చిగుళ్ళు, గుండె చూస్తారు. ఒక చుక్క తీసి పీసీవీ చూస్తారు. ఇవి ప్రతిసారీ చూస్తారు, "పోయినసారి బాగుంది కదా" అంటే ఒప్పుకోరు.

మేం వెళ్ళే చోట బల్ల మీద కాకుండా నేల మీద పరుపు వేస్తారు. బంటిని పక్కకి తిప్పి పడుకోబెడతాం. నేను తల దగ్గర కూర్చుంటా, కాంపౌండరు నడుము మీద చెయ్యి వేసి ఉంచుతాడు. మెడ పక్కన అరచేయంత మేర ట్రిమ్మర్‌తో బొచ్చు తీసేసి తిమ్మిరి క్రీము రాసి కాసేపు ఆగుతారు. తర్వాత మందుతో శుభ్రం చేసి, డాక్టరుగారు మెడ కింది భాగంలో బొటనవేలితో నొక్కి పట్టుకుంటారు. పెద్ద సిర తాడులా ఉబ్బుతుంది. సూది లావుగానే ఉంటుంది, చూస్తే మీకే కళ్ళు తిరగొచ్చు. గుచ్చినప్పుడు బంటి ఒకసారి కనురెప్ప కొడతాడు. ఆ తర్వాత నేను చెవి వెనక గోకుతుంటే చాలు.

సంచీ మనుషులకి వాడే రకమే, అందులో ముందే 63 మిల్లీలీటర్ల సీపీడీఏ అనే ద్రవం ఉంటుంది, గడ్డకట్టకుండా. దాన్ని కుక్కకన్నా కిందికి, వంటింటి కాటా లాంటి చిన్న త్రాసు మీద పెడతారు. ఒకరు దాన్ని ఊయల ఊపినట్టు మెల్లగా కదుపుతూ ఉంటారు. పది నిమిషాల్లో అయిపోతుంది. ఒకసారి నింపిన సంచీని నా చేతికిచ్చి ఫ్రిజ్ దాకా తీసుకెళ్ళమన్నారు. వేడిగా ఉంది. అప్పటిదాకా అది నాకు తట్టనే లేదు, వాడి ఒంటి వేడి అది.

మత్తు ఇస్తారా?

కుదురుగా ఉండే కుక్కకి అక్కర్లేదు. కొన్ని చోట్ల కొద్దిగా ఇస్తారు. ప్రతిసారీ మత్తు ఇస్తేనే లొంగే కుక్క అయితే, నా మటుకు నేను దాన్ని దాతగా ఒప్పుకోను.

కుక్క తనంతట తాను ఒప్పుకోలేదు కదా? దాన్ని "దానం" అనొచ్చా?

మా అక్క కూతురు అడిగింది ఇది, పదేళ్ళ పిల్ల. నేను చాలా రోజులు ఆలోచించాను.

నోటితో చెప్పలేదు నిజమే, కానీ ఒంటితో చెబుతుంది. ఆసుపత్రి గుమ్మం దగ్గరే నాలుగు కాళ్ళూ తన్నిపట్టి కూర్చునే కుక్క, తోక కాళ్ళ మధ్య పెట్టుకునే కుక్క, పడుకోబెడితే వణికే కుక్క, గుర్రుమనే కుక్క "వద్దు" అంటున్నాయి. పదిమంది కలిసి అదిమిపట్టి, మూతికి చిక్కం కట్టి తీస్తే అది దానం కాదు. రెండుసార్లు లేవబోయిందంటే సూది తీసేయమని చెప్పే హక్కు మీకుంది. సంచీ సగమే నిండినా సరే. ఒకసారి బంటి కూడా అలా లేచాడు, పక్కగదిలో ఏదో కుక్క ఏడుస్తోంది. ఆపేయమన్నాను. ఎదురుచూస్తున్నవాళ్ళ ముఖం చూడలేకపోయాను, కానీ ఆపేయమన్నాను. వాళ్ళకి వేరే కుక్క దొరికింది. దొరక్కపోయి ఉంటే ఏం చేసేవాడివి అని అడగొద్దు.

ఈ గొడవ మన దగ్గరే కాదు. కాలిఫోర్నియాలో చాలాకాలం అమ్మకానికి రక్తం తీసే సంస్థలు కుక్కల్ని అక్కడే ఉంచుకుని తీయాలన్న పద్ధతే ఉండేది. రేసుల నుంచి రిటైరైన గ్రేహౌండ్లు వాటిలో చాలా ఉండేవి, ఎందుకంటే గ్రేహౌండ్ రక్తంలో ఎర్రకణాలు ఎక్కువ, స్వభావం మెత్తన. ఇళ్ళలో పెరిగే కుక్కలు వచ్చి ఇచ్చి వెళ్ళే బ్యాంకులకి దారి తీస్తూ 2021లో అక్కడ చట్టం మార్చారు. అక్కడున్న మన తెలుగువాళ్ళకి ఇప్పుడు ఆ అవకాశం ఉంది.

ఇచ్చాక ఏం జాగ్రత్తలు?

సూది తీశాక ఐదు నిమిషాలు నొక్కి పట్టి కట్టు కడతారు. నీళ్ళు, ఇష్టమైన తిండి కొంచెం. ఆ రోజు పరుగులు, మెట్లెక్కి దిగడాలు, ఈత, స్నానం వద్దు.

మెడ బెల్టు మాత్రం రెండు రోజులు వేయకండి. మొదటిసారి నేను చేసిన తప్పు ఇదే. కట్టు ఉంది కదా అని దానికి కాస్త కిందగా బెల్టు వేసి బయటికి తెచ్చాను. గేటు దగ్గర పిల్లి కనపడింది. ఒక్క లాగు లాగాడు. ఇంటికొచ్చేసరికి మెడ మీద నిమ్మకాయంత బొప్పి. ఫోన్ చేస్తే గుడ్డలో ఐసు చుట్టి పెట్టమన్నారు. వారం రోజులు ఊదారంగు నుంచి పసుపుకి మారుతూ పోయింది. మా ఆవిడ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఛాతీకి వేసే హార్నెస్ కొనుక్కోండి.

చిగుళ్ళు తెల్లబడినా, నిలబడలేక తూలినా, వాంతులు ఆగకపోయినా వెంటనే తీసుకెళ్ళాలి. మాకు ఎప్పుడూ కాలేదు.

ఎన్నాళ్ళకోసారి ఇవ్వొచ్చు?

కనీసం ఎనిమిది వారాలు ఆగాలి. నేను మూడు నెలలు ఆగుతా. "అర్జెంటండీ, ఈ ఒక్కసారి" అని నెలకే అడుగుతారు. వద్దని చెప్పడం నేర్చుకోండి.

డబ్బులిస్తారా?

తీసుకోకూడదు. కేంద్ర పశుసంవర్ధక, పాడి పరిశ్రమ శాఖ 2025 ఆగస్టులో జంతువుల రక్తమార్పిడికి, బ్లడ్ బ్యాంకులకి దేశంలో మొదటిసారిగా మార్గదర్శకాలు ఇచ్చింది. దానం స్వచ్ఛందంగా, డబ్బు ప్రమేయం లేకుండా ఉండాలన్నది అందులోనూ ఉంది. క్రాస్ మ్యాచ్ గురించి, యజమాని ఒప్పుకోలు గురించి కూడా ఉన్నాయి. సంచీ ఖర్చు, పరీక్షల ఖర్చు రక్తం అందుకునేవాళ్ళు పెట్టుకోవడం మామూలే. ముందే మాట్లాడుకోండి, కౌంటర్ దగ్గర మొహమాటాలు ఉండవు. ఎవరైనా ఫుడ్డు ప్యాకెట్ తెస్తే బంటి తరఫున నేను కాదనను.

ఇంట్లో పెద్దవాళ్ళు వద్దంటున్నారు.

మా అమ్మా వద్దంది. "నోరులేనిదాని దగ్గర రక్తం లాగుతార్రా, పాపం కాదూ" అని. నేను వాదించలేదు. ఒకసారి నాతో రమ్మన్నాను. ఆ రోజు రక్తం ఎక్కించుకుంటున్నది ఒక ముసలాయన స్పిట్జ్. ఆయన మా అమ్మ పక్కనే కూర్చుని "మీవాడికి ఏం కాదు కదమ్మా" అని నాలుగుసార్లు అడిగారు. నాలుగోసారి మా అమ్మే "ఏం కాదులెండి అన్నయ్యగారూ, వాడు దున్నపోతు" అంది. ఇప్పుడు తారీకు గుర్తు చేసేది ఆవిడే.

అందరికీ ఇలా కుదురుతుందని చెప్పను. ఇంట్లో ఒక్కరికి ఇష్టం లేకపోయినా ఆగండి. ఆ టెన్షన్ కుక్కకి తెలుస్తుంది.

ఎక్కడ ఇవ్వాలి? బ్లడ్ బ్యాంకులు ఉన్నాయా?

చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీలో, పంజాబ్‌లో లూధియానా పశువైద్య విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. నెల్లూరు, చిత్తూరు వైపు వాళ్ళకి చెన్నై దగ్గరే. మిగతా మనవాళ్ళకి పని ఎక్కువగా ఫోన్ల మీదే నడుస్తుంది: డాక్టరు దగ్గర ఒక లిస్టు, వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజి, ఎవరో ఒకరు కారు తీయడం. మీకు దగ్గర్లో ఉన్న వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలోనో, ఆపరేషన్లు చేసే పెద్ద క్లినిక్‌లోనో "మా కుక్కని దాతగా రాసుకుంటారా" అని అడగండి. గ్రూపు, బరువు, చివరిసారి ఇచ్చిన తేదీ, మీ నంబరు రాయించండి. అదే చీటీ మా ఫ్రిజ్ తలుపు మీద కూడా ఉంటుంది.

ఈ పని అవసరం పడకముందే చెయ్యాలి. రాత్రి పదకొండింటికి ఎవరి కుక్కో పీసీవీ 10తో పడుంటే, అప్పుడు మీ కుక్కకి పీసీఆర్ చేయించి రిపోర్టు వచ్చేదాకా ఆగే వీలుండదు. అప్పుడు రెండే దారులు: పరీక్ష లేని రక్తం ఎక్కించడం, లేదా ఎక్కించకపోవడం.

బ్యాంకు లేకపోతే రక్తాన్ని నిల్వ ఎలా చేస్తారు?

చాలాసార్లు చెయ్యరు, ఇటు తీసి అటు ఎక్కిస్తారు. తాజా రక్తంలో ప్లేట్‌లెట్లు, గడ్డకట్టించే పదార్థాలు కూడా ఉంటాయి కాబట్టి కొన్ని జబ్బులకి అదే మేలు. సరైన ఫ్రిజ్‌లో నాలుగు వారాల పైన ఉంటుంది గానీ అప్పటికి పనికొచ్చేవి ఎర్రకణాలే. ఎర్రకణాలనీ ప్లాస్మానీ విడదీసే యంత్రం ఉన్నచోట ఒక సంచీ ఇద్దరు ముగ్గురికి సరిపోతుంది.

పుచ్చుకున్న కుక్క తప్పకుండా బతుకుతుందా?

లేదు. రక్తం టైము కొనిస్తుంది, అంతే. ఆ టైములో మందు పనిచెయ్యాలి. కిలోకి రెండు మిల్లీలీటర్లు ఎక్కిస్తే పీసీవీ ఒక అంకె పెరుగుతుందని డాక్టర్ల లెక్క. ఆ ముసలాయన స్పిట్జ్ తొమ్మిది కిలోలు, పీసీవీ 11. దాన్ని 22కి తేవాలంటే 198 మిల్లీలీటర్లు. మొదటి అరగంట చుక్క చుక్కగా ఎక్కించి చూస్తారు. ముఖం ఉబ్బుతోందా, జ్వరం వస్తోందా, వాంతి చేసుకుంటోందా, మూత్రం ఎర్రబడిందా అని. అన్నీ బాగుంటే వేగం పెంచి నాలుగు గంటల్లోపు పూర్తి చేస్తారు. మూడో గంటలో అది తల ఎత్తి ఆయన చెయ్యి నాకింది. బతికింది.

బంటి రక్తం ఇచ్చిన ఇంకో మూడు కుక్కలు బతకలేదు. ఇది మీకు ముందే తెలియాలి. మర్నాడు ఫోన్ చేసి కనుక్కోవాలా వద్దా అనేది మీ ఇష్టం. నేను చేస్తాను.

మనిషి రక్తం కుక్కకి ఎక్కించొచ్చా? పిల్లి సంగతేంటి?

మనిషిది పనికిరాదు. పిల్లుల లెక్క పూర్తిగా వేరు. వాటికి ఏ, బీ, ఏబీ గ్రూపులున్నాయి, పుట్టుకతోనే యాంటీబాడీలు కూడా ఉంటాయి. బీ గ్రూపు పిల్లికి ఏ రక్తం కొంచెం ఎక్కినా చచ్చిపోవచ్చు. కాబట్టి పిల్లికి గ్రూపు చూడకుండా ఎక్కించే ప్రసక్తే లేదు. పిల్లి రక్తం ఎక్కడా దొరక్క, ప్రాణం పోయే స్థితిలో కుక్క రక్తాన్ని ఒక్కసారి ఎక్కించిన సందర్భాలున్నాయి. ఆ కణాలు కొద్ది రోజులే నిలుస్తాయి, రెండోసారి ఎక్కించడానికి లేదు.

మేం ఇండియా నుంచి మా కుక్కని ఇంగ్లండ్ తీసుకొచ్చాం. ఇక్కడ ఇవ్వొచ్చా?

అక్కడ పెట్ బ్లడ్ బ్యాంక్ యూకే అనే స్వచ్ఛంద సంస్థ 2007 నుంచి నడుస్తోంది. వాళ్ళ నియమాల్లో విదేశాలు తిరిగిన కుక్క పనికిరాదని ఉంది. కారణం మన పిడుదుల లాంటివే. అమెరికాలో అయితే పెన్సిల్వేనియా యూనివర్సిటీ పశువైద్య కళాశాలకి రక్తం సేకరించే బస్సే ఉంది. అక్కడి నియమాలు అక్కడే అడగాలి.

ఎప్పుడు ఆపేయాలి?

ఎనిమిదేళ్ళకి. అంతకుముందే ఏదైనా జబ్బు వచ్చినా, కుక్క మొహం మారినా అప్పుడే.

బంటికి వచ్చే సంక్రాంతికి ఎనిమిది నిండుతాయి. మెడ పక్కన ట్రిమ్మర్ ఆడినచోట బొచ్చు ఇప్పుడు కొంచెం తెల్లగా మొలుస్తోంది. ఇంకొక్కసారి ఇస్తాడేమో, పీసీవీ చూసి చెబుతామన్నారు. చీటీలో వాడి పేరు కింద ఇంకో పేరు రాయడానికి చోటు ఉంచాను. మా పై అంతస్తు వాళ్ళ రాట్‌వైలర్‌కి ఏడాది నిండింది. మనిషి కనపడితే వెల్లకిలా పడుకుంటుంది. పోయిన ఆదివారం కార్డు టెస్టు చేయించారు, నెగెటివ్.